పిట్టకు పెట్టిన రోజు

మా అన్న ఏ మందు తాగేవాడో మా చుట్టాలందరికీ తెలుసు. ఊళ్లో ఉన్న మా పెద్దబాపుకి తెలుసు, హయత్‌నగర్‌లో ఉండే మేనత్తకి తెలుసు, అన్న పెళ్లికి వచ్చి మళ్లీ మా గడప తొక్కని దూరపు బంధువులకి కూడా తెలుసు. పదేళ్లకు పైగా ఆ చుక్క ముట్టకుండా బతికిన మనిషి ఆ పదేళ్లలో ఏం తిని సంతోషపడ్డాడో మాత్రం మాలో ఒక్కరికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు అన్న పోయిన మూడో రోజున, శ్మశానంలో విస్తరాకు ముందు నిలబడినప్పుడు తెలిసింది.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో, పెద్ద బట్టల దుకాణాల వెనక సందులో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను, ఆలస్యమైందని అరిచే కస్టమర్ల మీద అంతకంటే గట్టిగా అరుస్తాను. నాకు నోరెక్కువని ఇంటా బయటా పేరు. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి షేర్ ఆటో నడిపేవాడు. తాగే రోజుల్లో ఆటో ఎక్కడ ఆగి ఉంటే అక్కడ వెతికితే దొరికేవాడు. ఒక్కోసారి ఆటో దొరికేది, మనిషి దొరికేవాడు కాదు. వదిన కొంగు బిగించి మీర్‌పేట్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా వైన్ షాపులన్నీ తిరిగేది. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పను. తాగుబోతు ఇంటి కథ ఏ ఇంట్లోనైనా ఒకటే. వినేవాళ్లకు విసుగు, పడేవాళ్లకు నరకం.

రెండుసార్లు ఆస్పత్రిలో చేర్పించాం. బయటికి వచ్చిన వారానికే కథ మొదటికి వచ్చేది. మూడోసారి డిశ్చార్జి అయిన రోజు అన్న ఇంటికి రాలేదు. ఆ వార్డులో రోగుల కోసం ప్రార్థన చేయడానికి వచ్చే ఒక పాస్టర్ గారు అన్నను తన వెంట తీసుకుపోయారు. ఆయనా ఒకప్పుడు తాగి రోడ్డున పడ్డవాడే. మీర్‌పేట్‌లో, కోచింగ్ పిల్లల హాస్టల్ కోసం కట్టి, నడవక మూతపడ్డ రెండంతస్తుల ఇల్లొకటి కిరాయికి తీసుకుని, మానాలనుకునే మగవాళ్లను అందులో ఉంచుకునేవారు. పిల్లలు గోడల మీద రాసుకున్న లెక్కల సూత్రాలు అలాగే ఉండేవి. బస్తీ వాళ్లు దానికి "మానినోళ్ల ఇల్లు" అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింపుగా అన్నారు. తర్వాత ఆటోవాళ్లకు అదే గుర్తయింది. "మానినోళ్ల ఇంటి కాడ ఆపు" అంటే చాలు, ఆపేవాళ్లు.

పొద్దున లేవగానే ప్రార్థన, వంతుల వారీగా వంట, పగలంతా ఎవరి పని వాళ్లది, చీకటి పడేలోగా తిరిగి రావాలి. వచ్చినవాడి నోరు ఇంకొకడు వాసన చూడాలి. ఆ చివరి నియమం విని నేను పడీ పడీ నవ్వాను.

"పెండ్లాం జూస్తె తప్పు, గా గడ్డాలోళ్లు జూస్తె ఒప్పా?" అని అన్నను ఏడిపించాను.

అన్న నొచ్చుకోలేదు. "ఆమె జూస్తె కొట్లాట ఐతుండె. ఆళ్లు జూస్తె అన్నం బెడ్తరు" అన్నాడు.

ఏడాది దాటాక ఇంటికి వచ్చేశాడు. కానీ ఆ ఇంటిని వదల్లేదు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు కాగానే అటు వెళ్లి, నోరు చూపించి, వాళ్లతో కూర్చుని పాటలు పాడి ఇంటికి చేరేవాడు. నుదుటి మీద బొట్టు తీయలేదు, ప్రార్థనలో కళ్లు మూసుకోవడం మానలేదు. చుట్టాలు మతం మారాడని గుసగుసలాడితే నేనే ఒకరోజు అడిగాను. "ఏ దేవుడైతేంది చెల్లె, రోజూ పొద్దుగాల లేపుతుండు గదా" అన్నాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మనిషి మానిన తేదీని పుట్టినరోజులా చేస్తారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి, కంజిర వాయిస్తూ పాటలు పాడి, కేకు కోస్తారు. మానినవాడు లేచి, తాను ఎలా మానాడో సాక్ష్యం చెబుతాడు. తర్వాత అతని ఇంటివాళ్లు రెండు మాటలు మాట్లాడతారు. ప్రతి ఏడూ అన్న మమ్మల్ని పిలిచేవాడు, పెళ్లి పత్రిక ఇచ్చినంత సిగ్గుపడుతూ. వదిన ఒక్క ఏడాది కూడా పోలేదు. ఒకసారి నేను బతిమాలితే, చేతిలో గరిటె పక్కన పెట్టి నా కళ్లలోకి చూసింది.

"ఇరవై ఏండ్లు ఏడ్సిన. ఇప్పుడు పోయి చప్పట్లు గొట్టాల్నా?"

ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. మరి నేను? మొదటి ఏడాది పోయాను. పెళ్లిళ్ల సీజను, షాపులో జాకెట్లు గుట్టపడి ఉన్నాయి, కేకు కోయకముందే లేచి వచ్చేశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ ఏదో ఒక పెళ్లి అడ్డం వచ్చింది. హైదరాబాద్‌లో పెళ్లి లేని రోజు ఉంటుందా? ఒక మనిషి తాగితే వీధి వీధంతా చూస్తుంది. తాగకపోతే చూడటానికి ఏముంటుంది? రోజూ పొద్దున లేస్తాడు, ఆటో తుడుస్తాడు, పోతాడు, వస్తాడు. మాకు అంతే కనిపించింది. అంతలా కనిపించకుండా ఉండటానికి అన్న ఎంత కష్టపడ్డాడో మేం చూడలేదు.

మొన్న ఎండాకాలంలో, ఎల్బీ నగర్ మెట్రో కింద ఆటో ఆపి, చాయ్ తాగడానికి దిగి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. ఇంటి ముందు టెంటు కింద పడుకోబెట్టినప్పుడు, పక్కింటి ఆయన ఇంకొకరితో "తాగి తాగి పోయిండు పాపం" అనడం నా చెవిన పడింది. లేచి ఆయన మీదికి పోయాను. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ రోజు నా నోరు బాగానే పని చేసింది. పని చేయాల్సిన రోజు వేరే ఉందని నాకేం తెలుసు?

మూడో రోజు పిట్టకు పెట్టాలి. మా నల్లగొండ వైపు ఊళ్లలో, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరాకు వేసి పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయాడని లెక్క. రాకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఇష్టమైనవాటిలో మందు కూడా ఉంటుంది. తాగినవాడికి మందు పెట్టకుండా పిట్టకు పెట్టడం మా వాళ్లు ఎరగరు.

పెద్దబాపు సంచిలో క్వార్టర్ సీసా తెచ్చాడు. అన్న తాగిన ఆ మందే. అది ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని మరీ, ఆ ముసలి కాళ్లతో నడిచిపోయి తెచ్చాడు. శ్మశానం గేటు దగ్గరే నేను అడ్డం పడ్డాను.

"అన్న మానిండు పెద్దబాపూ. పదేండ్లు దాటింది."

"నాకెర్క లేదా బిడ్డా? బతికున్నప్పుడు మానిండు, మంచి పని జేసిండు. ఇప్పుడేమైతది? ఇప్పుడు తాగితె లివర్ ఖరాబైతదా?"

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన వేళాకోళం ఆడలేదు. అన్నను భుజాల మీద మోసి జాతరలు తిప్పిన మనిషి, ఆఖరిసారి వాడికి కావాల్సింది పెడదామని ఆశ. నేను మాత్రం ఒప్పుకోలేదు. కాసేపు వాదించుకున్నాక సీసా సంచిలోనే ఉంచడానికి ఒప్పుకున్నాడు.

మానినోళ్ల ఇంటి నుంచి పాస్టర్ గారు, మరో ఐదారుగురు వచ్చి గోడ వారగా నిలబడ్డారు. వాళ్లలో ఒకతను కొత్తగా చేరిన మనిషి, మార్బుల్ రాళ్లు పరిచే పనివాడు. మూసారాంబాగ్ బ్రిడ్జి దగ్గర పడి ఉంటే, అన్న ఆటోలో వేసుకొచ్చి ఆ ఇంట్లో చేర్చాడట. చేరి ఇంకా నెల కూడా కాలేదు. అతని చేతులు కొంచెం వణుకుతూనే ఉన్నాయి.

అన్న కొడుకు బూడిద ఎత్తి, నీళ్లు చల్లి, విస్తరాకు పరిచాడు. అన్నం, మేక కూర, గుడ్డు, గారెలు పెట్టాం. పెద్దబాపు వంగి చూశాడు.

"ఇంకేం ఇష్టం వానికి?"

అందరం వదిన వైపు చూశాం. వదిన బిత్తరపోయింది. "ఏది బెట్టినా తింటుండె" అంది. ఆమె చెప్పింది నిజమే. ఇది కావాలి అని అన్న అడగడం మానేసి చాలా ఏళ్లయింది. అడిగే హక్కు పోగొట్టుకున్నానని అనుకున్నాడేమో. నేను గుర్తు చేసుకోబోయాను. నాకు గుర్తొచ్చినవన్నీ చిన్నప్పటివి, తాగినప్పటివి. మధ్యలో పదేళ్లు తెల్ల కాగితం.

అప్పుడు వెనకనుంచి ఆ మార్బుల్ పని మనిషి మెల్లగా అన్నాడు. "పల్లీ పట్టి, అమ్మా. అన్నకు పల్లీ పట్టి అంటే పాణం. తాగాలని మనసు గుంజినప్పుడు నములు అని నాకు గూడ ఇస్తుండె." జేబులోంచి కాగితంలో చుట్టిన ముక్క తీసి, చేయి చాచాడు.

"గది పోరగాండ్లు తినేది" అని పెద్దబాపు తల అటు తిప్పుకున్నాడు. మేనత్త కూర గిన్నె సర్దుతోంది. ఎవరూ అందుకోలేదు. నేను అతనికి రెండడుగుల దూరంలో ఉన్నాను. కొత్త మనిషి, కులమేదో తెలియదు, చేతులు వణుకుతున్నాయి, మధ్యలో దూరి మాట్లాడుతున్నాడేమిటని నాకూ ఒక్క క్షణం అనిపించింది. చెప్పడానికి సిగ్గేస్తోంది. అతను కాసేపు అలాగే చేయి చాచి ఉంచి, ముక్కను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

పెట్టాక దూరం జరగాలి కానీ ఎవరు జరుగుతారు? కాకి వస్తుందా అని అందరం విస్తరాకు చుట్టూ మూగి ఆకాశంలోకి చూస్తున్నాం. ఈ ఊళ్లో పావురాలకు కరువు లేదు, కాకులకే కరువు. పావురాలు గుంపుగా వాలుతుంటే పెద్దబాపు తువ్వాలుతో తోలాడు. పావురం ముడితే చెల్లదు కదా. ఎండ ముదిరింది. గోడ మీద ఒక కాకి వాలింది, చూసింది, అక్కడే కూర్చుంది. పెద్దబాపు చేతులు జోడించాడు.

"నీ కొడుకు పెండ్లి మేం జేస్తం బిడ్డా. పరేషాన్ గాకు. వచ్చి తిను."

కాకి కదల్లేదు. మేనత్త ఏదో మొక్కుకుంది. కదల్లేదు. అప్పుడు వదిన ఏడుపు మొదలుపెట్టింది. మూడు రోజులుగా రాయిలా ఉన్న మనిషి, ఒక్కసారిగా కూలబడి నేలను కొట్టుకుంటూ ఏడ్చింది.

"నా మీద కోపమొచ్చింది ఆయనకు. ఎన్నిపార్లు పిల్సిండు, ఒక్కపారి గూడ గా ఇంటికి పోలే నేను. గందుకే తింటలేడు."

పట్టుకుని లేపబోయాను. నా చేయి విదిలించుకుని లేచి, నేరుగా పెద్దబాపు సంచి దగ్గరికి పోయింది. సీసా తీసి మూత తిప్పింది. వీధి చివర ఎవరైనా తాగి వస్తే ఇంట్లోంచే వాసన పట్టి తలుపు వేసుకునే మనిషి. ఎన్ని సీసాలు మోరీలో పారబోసిందో లెక్క లేదు. ఆ చేతులతోనే గ్లాసు నిండా పోసి, విస్తరాకు పక్కన పెట్టింది.

నేను ఆపలేదు. నోరెక్కువని పేరు మోసిన దాన్ని, భర్త పోయిన మనిషి ముందు ఏం మాట్లాడాలో తెలియక నోరు పడిపోయినట్టు నిలబడ్డాను. మానినోళ్ల ఇంటి వాళ్లు తలలు దించుకుని గేటు వైపు జరిగారు. ఆ వాసనకు మా ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని వెనక్కి పోయారు. పెద్దబాపు కూడా దండం పెట్టి వెనక్కి నడిచాడు, నేను వదినను పట్టుకుని పక్కకు జరిగాను. అప్పుడు కాకి గోడ దిగి వచ్చింది. మాంసం ముక్క ఎత్తుకుని మళ్లీ గోడ మీదికి ఎగిరింది.

"చూసిన్రా!" పెద్దబాపు గోడ వైపు చేయి చూపించాడు. ఆయన కళ్లలో నీళ్లు. "దాని మీదనే ఉండె వాని మనసు. పైకి మానిండు గని, లోపట అట్లనే ఉండె."

అందరూ ఔనౌనన్నారు. హమ్మయ్య అనుకున్నారు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నేనూ నమ్మాను. మా అన్న పదేళ్లు పళ్ల బిగువున బతికాడని, లోలోపల దానికోసమే అలమటించాడని నమ్మి ఏడ్చాను. గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ మాట వినిపించి ఉంటుందని నాకు తట్టనే లేదు.

తర్వాత వారం రోజులకు షాపులో కూర్చుని జాకెట్‌కి హుక్కులు కుడుతుంటే తట్టింది. కాకి మందు కోసం రాలేదు. మేం దూరం జరిగాం కాబట్టి వచ్చింది. అంతసేపూ దాని కూటి మీద గుంపుగా మూగి నిలబడ్డాం, ఏ కాకి వస్తుంది? ఇంత చిన్న సంగతి. చిన్నపిల్లకు తెలిసే సంగతి. అప్పుడే నోరు తెరిచి "జర దూరం జరుగున్రి" అని ఒక్క మాట అని ఉంటే అన్నకు ఆ పేరు వచ్చేది కాదు. సూది వేలికి గుచ్చుకున్నా తెలియనంత కోపం వచ్చింది నా మీద నాకు.

షాపు మూసి మీర్‌పేట్ పోయాను. పాస్టర్ గారికి చెబితే మనసు తేలికవుతుందనుకున్నాను. ఆయన విని, కుర్చీ జరిపి కూర్చోమన్నారు.

"నువ్వు జెప్పింది నిజమే చెల్లెమ్మా. కని ఆ మార్బుల్ పనాయన ఆ దినమే సాయంత్రం బట్టలు సర్దుకున్నడు. శానసేపు పట్టుకుని కూసున్న, ఆగలే. ఏమన్నడో ఎర్కనా? 'పదేండ్లు మానిన అన్నకే లోపట పోలేదట అయ్యగారూ. నాకెట్ల పోతది' అన్నడు."

ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. మూసారాంబాగ్ బ్రిడ్జి దగ్గర వెతికారట, నాలుగైదు కూలీల అడ్డాల మీద అడిగారట. నేనూ వెతికాను. మార్బుల్ దుకాణాల ముందు నిలబడి, పేరైనా అడిగి తెలుసుకోని మనిషి ఆనవాలు చెబుతూ తిరిగాను. "చేతులు వణుకుతాయి" అంటే ఒకతను నవ్వాడు. "గా గుర్తుతోని అడిగితె అడ్డా మీద అందరు దొర్కుతరు" అన్నాడు.

కాకి సంగతీ, ఆ మనిషి వెళ్లిపోయిన సంగతీ వదినకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తన్నుకులాడాను. చివరికి చెప్పేశాను. ఆమె బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు. తప్పు చేశానేమో, పుండు మీద కారం చల్లానేమో అనుకుంటూ వచ్చేశాను.

అన్న మానిన తేదీ వచ్చింది. మనిషి లేకపోయినా ఆ ఏడాది కేకు కోస్తామని పాస్టర్ గారు కబురు పెట్టారు. ఆ మధ్యాహ్నం వదిన ఇస్త్రీ చీర కట్టుకుని నా షాపు మెట్ల దగ్గర నిలబడింది. "పా, పోదాం" అంది. ముందు బల్ల మీద ఎవరిదో పెళ్లి జాకెట్ సగం కుట్టి ఉంది. అలాగే వదిలేసి షట్టర్ దించాను.

ముందు గదిలో కుర్చీలు నిండాయి. గోడ మీద ఆ లెక్కల సూత్రాలు ఇంకా ఉన్నాయి. మొహాలు చాలా వరకు కొత్తవి. అన్న తెచ్చి చేర్చినవాళ్లు, వాళ్లు తెచ్చి చేర్చినవాళ్లు. ఒక్కొక్కరూ లేచి అన్న గురించి చెప్పారు. ఒకతన్ని కూతురి పెళ్లికి తీసుకుపోయి, రోజంతా పక్కనే కూర్చుని, తాగకుండా ఇంటికి తెచ్చాడట. ఇంకొకతనికి రాగి సంకటి వండటం నేర్పాడట. మా అన్నకు రాగి సంకటి వండటం వచ్చని నాకు తెలియదు. చెప్పిన ప్రతివాడికీ మిగతావాళ్లు "స్తోత్రం" అన్నారు. వదిన ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎదుటి మనిషి నోటినే చూస్తూ అంతా వింది. వినాల్సినవన్నీ అన్న బతికుండగా ఆయన నోటనే వినగలిగేది. ఆ దుఃఖం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది.

ఇంటివాళ్ల వంతు వచ్చింది. నేను లేవబోతే వదిన నా చేయి పట్టి కూర్చోబెట్టి, తాను లేచింది.

"గా మార్బుల్ పనాయన వచ్చిండా?" అని అడిగింది.

పాస్టర్ గారు లేదన్నట్టు తల ఊపారు.

"రాకున్నా చెప్త. ఎవ్వలన్న ఆయనకు కనబడ్తె చెప్పున్రి." కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "ఇరవై ఏండ్లు నా పనేంది? బాటిల్ల ఎంత ఉండె, ఎంత తగ్గింది, గదే చూసుకుంట బతికిన. గీతలు గూడ పెడ్తుంటి. నా కన్ను తప్పది. ఆ దినం అందరు పోయినంక గిన్నెలు ఎత్తింది నేను. గ్లాసు గూడ నేనే ఎత్తిన. నేను ఎంత పోసిన్నో అంత అట్లనే ఉండె. పోసింది నేను. ఆయన ముట్టలే."